పైట, కొంగు, మగ్గం: స్త్రీవాద కవిత్వంలో వస్త్ర ప్రతీకకు ఉప్పాడ నేపథ్యంలో పునఃపఠనం

తెలుగు స్త్రీవాద కవిత్వాన్ని బోధించే సందర్భాల్లో రెండు కవితలను జంటగా నిలపడం తరచు కనిపిస్తుంది. ఒకటి జయప్రభ రాసిన 'పైటను తగలెయ్యాలి'. రెండవది కొంగును గురించి జూపాక సుభద్ర రాసిన కవిత. మొదటిదానికి రెండవది జవాబనీ, అగ్రవర్ణ మధ్యతరగతి స్త్రీకి శరీరం సమస్య కాగా దళిత స్త్రీకి శ్రమ సమస్య అనీ చెప్పడంతో చర్చ ముగుస్తుంది. పరీక్షలో రాయడానికి ఇది అనుకూలమైన సూత్రమే. అయితే ఈ సూత్రం సుభద్ర కవితను ఎప్పటికీ మరొక కవితకు అనుబంధంగా మిగిల్చివేస్తుంది. జయప్రభ కవితను ఒక్క క్రియాపదానికి కుదిస్తుంది. రెండు కవితలకూ అన్యాయం చేసే ఈ పద్ధతిని విడిచి, వాటిలోని వస్తువు దగ్గరకు, అంటే గుడ్డ దగ్గరకు వెళ్ళి చదివితే ఏమి తేలుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అందుకు ఉప్పాడ తగిన చోటు. బంగాళాఖాతపు ఒడ్డున, పిఠాపురానికి చేరువలో ఉన్న ఈ ఊరు 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడిన కాకినాడ జిల్లాలోకి వచ్చింది. చీరల దుకాణాల్లో ఈ పేరు తెలియనివారుండరు. ఇక్కడి జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. పైట నేసేవారూ, కొంగు నడుముకు బిగించి చేపల గంప ఎత్తేవారూ ఇరుగుపొరుగున బతికే ఊరు ఇది. కవిత్వంలో ఎదురెదురుగా నిలిచినట్లు కనిపించే రెండు పదాలు ఒకే వీధిలో తిరిగే చోటు అన్నమాట.

మొదట పదాలను గురించి. స్త్రీవాద కవిత్వం తొలి దశలో సాధించిన పెద్ద పని అరిగిపోయిన మాటలను పట్టుకొని వాటిలోపలి అధికారాన్ని బయటపెట్టడం. సావిత్రి 'బందిపోట్లు' ఇందుకు మంచి నిదర్శనం. పాఠం రాకపోతే పెళ్ళి చేసేస్తానని పంతులు ఆడపిల్లను బెదిరించడం, తనను వేధించే పై అధికారిని మగవాడు 'మొగుడు' అని చెప్పుకోవడం వంటి నిత్యవ్యవహారపు మాటలే ఆ కవితకు సామగ్రి. ఎవరూ దాచని మాటలవి. అందరూ నవ్వుతూ అనే మాటలు. వాటిని వరసగా పేర్చి వినిపించడంతోనే పెళ్ళి ఒక శిక్ష అన్న ఎరుక ఆడపిల్లకు కలుగుతుంది. ప్రతీక కల్పించనవసరం లేకుండా, లోకం చేతిలో ఇప్పటికే ఉన్న మాటను వినిపించడం ఈ పద్ధతి. 'పైట' విషయంలో జయప్రభ చేసిందీ, 'కొంగు' విషయంలో సుభద్ర చేసిందీ ఇదే. అందుచేత ఆ రెండు మాటల చరిత్రను చూడకుండా ఆ కవితలను పోల్చడం తొందరపాటవుతుంది.

పైట, పమిట, పయ్యెద ఒక కుదురుకు చెందిన మాటలు. పయ్యెదను 'పై', 'ఎద' అని విడదీస్తారు. పేరులోనే శరీరభాగం ఉంది. కప్పవలసిన చోటును చూపించి కప్పుతుంది ఆ మాట. వాడుకలోనూ ఇది వయసుకూ చూపుకూ సంబంధించినదే. పైట వేసిన వయసు, పైట జారడం, పైట సర్దుకోవడం వంటివన్నీ చూసేవాడొకడు ఎదుట ఉన్నాడని ముందే ఒప్పుకొన్న పలుకుబళ్ళు. గోదావరి జిల్లాల్లో ఓణీల ఫంక్షన్ పేరిట బంధువులను పిలిచి, భోజనాలు పెట్టి జరిపే వేడుక కూడా ఆడపిల్ల పైటలోకి వచ్చిందని ఊరికి చాటడమే. సాహిత్యంలో ఈ మాట మరింత బరువెక్కింది. అన్నమయ్య శృంగార సంకీర్తనల నుండి ప్రబంధాల దాకా పయ్యెద నాయిక వర్ణనలో విడదీయరాని సామగ్రి. అది జారడానికి ఒక సందర్భం, నిలవడానికి ఒక సందర్భం కవిసమయాలుగా స్థిరపడ్డాయి.

కొంగు అలాంటిది కాదు. కొంగు అంటే కొస, గుడ్డ చివర. ఆ పేరులో శరీరం లేదు. కొంగున ముడి వేసుకోవడం, కొంగు చాచడం, కొంగు పట్టుకొని తిరగడం, కొంగు బిగించడం, కొంగుబంగారం వంటి పలుకుబళ్ళన్నీ చేతి పనులే. దాచుకోవడం, అడగడం, అంటిపెట్టుకోవడం, పనికో పోట్లాటకో సిద్ధపడడం వాటి అర్థాలు. డబ్బు ముడి కొంగులోనే ఉంటుంది, పిల్లవాడి ముక్కు తుడిచేదీ కొంగే. పెళ్ళిలో సైతం ముడిపడేది కొంగే. పైటకు కావ్యచరిత్ర ఎక్కువ, కొంగుకు ఇంటిచరిత్ర ఎక్కువ అని స్థూలంగా చెప్పవచ్చు. 'చెంగు' ఈ రెంటికీ మధ్యన ఎక్కడో తిరుగుతుంది. దాని సంగతి వేరే వ్యాసం.

ఈ తేడాను గుర్తించాక జయప్రభ కవిత మరొకలా కనిపిస్తుంది. వీధిలో తల వంచి నడిచే స్త్రీ, ఆమెను వెంబడించే చూపు, లజ్జ అనే పాఠాన్ని చిన్ననాటి నుండి ఒంటికి చుట్టిన సంస్కృతి ఆ కవితలో ముఖ్యాంశాలు. 'చూపులు' కవితను దీని పక్కన పెట్టి చదివితే ఆమె గురి చీర మీద కంటే చూపు మీద ఎక్కువగా ఉందని స్పష్టమవుతుంది. జయప్రభ 'భావకవిత్వంలో స్త్రీ' అన్న విమర్శగ్రంథం రాసినవారు. స్త్రీని ఊహాప్రేయసిగా మలచిన కవిత్వాన్ని విమర్శకురాలిగా శోధించిన వ్యక్తి కవితలో పైట అన్నప్పుడు ఆ మాట వెనుక శతాబ్దాల వర్ణన నిలిచి ఉంటుంది. తగలబడవలసింది గుడ్డ మాత్రమే అనుకుంటే కవితలో సగం చేజారుతుంది. ఉప్పాడకు పక్కనే ఉన్న పిఠాపురం సంస్థానపు ఆదరణలో సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడింది. ఆ సమీపంలోని చంద్రంపాలెంలోనే దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టారు. భావకవిత్వపు ప్రేయసికీ జాందానీ పైటకూ ఇక్కడ దూరం కొద్ది మైళ్ళే కావడం కాకతాళీయమే అయినా, ఈ ప్రాంతంలో ఈ కవితను చదివే పాఠకునికి ఆ పొరుగుతనం స్ఫురించక మానదు. ఆ తరువాతి కాలంలో జయప్రభ అన్నమయ్య శృంగార సంకీర్తనల మీదనే విస్తారంగా రాశారు. పయ్యెదను కాల్చమన్న కవయిత్రి పయ్యెద పాటల దగ్గరకు తిరిగి వెళ్ళడాన్ని వైరుధ్యమనేవారున్నారు. ఆ మాటతో తనకున్న లెక్క ఒక్క కవితతో తేలలేదనుకోవడం మరింత సమంజసం.

ఈ కవిత ఆంగ్లానువాదంలోనూ వెలువడింది. అక్కడ శీర్షికలో పైట చీరగా మారింది, 'బర్న్ దిస్ సారీ' అయింది. ఆంగ్లంలో పైటకు సరైన మాట లేకపోవడం నిజమే. కానీ ఈ చిన్న మార్పుతో కవిత అర్థం పెద్దగా కదిలిపోయింది. చీరను కాల్చమంటే దేశీయ దుస్తుల తిరస్కారంగా, పాశ్చాత్య స్త్రీవాదపు నకలుగా తోస్తుంది. స్త్రీవాదం మీద అప్పట్లో వచ్చిన ఆక్షేపణల్లో ఇదొకటి. పైట అంటే చీర కాదు. చీరలో ఒక భాగానికి సంస్కృతి అప్పగించిన ఉద్యోగం అది. ఇది మగ్గం మీద కూర్చునేవారికి ఎవరూ చెప్పనవసరం లేదు. చీర ఒడలు ఒక లెక్క, అంచు ఒక లెక్క, పైటకొంగు ఒక లెక్క. బుటా పని దట్టమయ్యేదీ, చేతికి వేగం తగ్గేదీ ఆ చివరి భాగంలోనే.

'తగలెయ్యడం' అన్న క్రియకూ ఈ ప్రాంతంలో పూర్వచరిత్ర ఉంది. స్వాతంత్ర్యోద్యమకాలంలో విదేశీ వస్త్రదహనం తెలుగు ఊళ్ళకు తెలిసిన రాజకీయ చర్య. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడి, టికెట్టు లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన స్వచ్ఛంద సేవకురాలు రాజమండ్రిలో పుట్టిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి. గుడ్డ ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు అన్న ప్రశ్న ఆనాటి మంటకు కారణం. జయప్రభ కవితలో మంటకు కారణం వేరు. గుడ్డ ధరించిన మనిషిని అది ఏమి చేస్తోంది అన్నది అక్కడి ప్రశ్న. దహనం అదే, నేరారోపణ మారింది. ఉత్పత్తి నుండి ధారణకు జరిగిన ఈ మార్పు 1980వ దశకపు స్త్రీవాదానికి అవసరమైనదే. అంతవరకు సాంఘిక, రాజకీయ ఉద్యమాలు స్త్రీ శరీరాన్ని చర్చకు తగిన విషయంగా గుర్తించలేదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' వంటి కవితలు కవిత్వంలోకి తెచ్చిన అనుభవం అంతకు ముందు తెలుగులో ఆ రూపంలో లేదు. ఇవి 'నీలి' రచనలన్న నింద కూడా వచ్చింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వెలువడిన సంకలనానికి 'నీలిమేఘాలు' అన్న పేరును ఆ నిందకు సమాధానంగానూ చదువుకోవచ్చు.

అయితే ఉత్పత్తి ప్రశ్న వెనక్కు పోవడం వల్ల కలిగిన నష్టాన్ని మొదట పసిగట్టింది విమర్శకులు కారు, దళిత కవయిత్రులు. సుభద్ర కవితలో కొంగు పనిలో తోడుండే మనిషిలాంటిది. చెమట తుడుస్తుంది, మూట మోస్తుంది, మట్టిలోనూ నీటిలోనూ వెంట ఉంటుంది. గుండెలకు కాపలా కాయడం దాని ఉద్యోగం కాదని కవయిత్రి స్పష్టం చేస్తారు. అలాంటి దానిని ఎలా కాలుస్తామన్న నిలదీత ఆ కవితలో ఉన్నమాట నిజమే. అంతమాత్రాన కవిత మొత్తం నిలదీత కాదు. అందులో ఎక్కువ భాగం కొంగు చేసే పనుల పట్టిక. ఆ పట్టికలోనే కవిత్వమంతా ఉంది. తెలంగాణ పలుకుబడి ఇక్కడ అలంకారంగా రాలేదు. పనిముట్ల పేర్లూ పనుల పేర్లూ ఆ భాషలోనే ఉన్నాయి కనుక కవిత ఆ భాషలో ఉంది. 'పైట' అన్న మాటను తీసుకొని దానికి కొత్త అర్థం చెప్పే మార్గం ఆమెకు తెరిచే ఉంది. దానిని వదిలి, కావ్యాలు పెద్దగా మైలపరచని మరొక మాటను ఎంచుకోవడం ఈ కవితలో అతిముఖ్యమైన నిర్ణయం. జవాబుగా మాత్రమే చదివే విమర్శ ఈ ఎంపికను గమనించదు. చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు' (2005), గోగు శ్యామల సంపాదకత్వంలోని 'నల్లపొద్దు' (2003) పక్కన నిలిపితే సుభద్ర కవితకు సొంత కుటుంబం ఉందని, ఎవరికో బదులు చెప్పడానికి పుట్టలేదని తెలుస్తుంది.

ఇక్కడ మూడవ గుడ్డను కూడా తలచుకోవాలి. షాజహానా తన కవితాసంపుటికి 'నఖాబ్' (2005) అని పేరు పెట్టారు. ముస్లిం స్త్రీ ముఖం మీది గుడ్డను గురించి బయటివారికి ఉన్న జాలి, లోపలివారికి ఉన్న అధికారం రెండూ ఆమెకు సమ్మతం కావు. కాల్చడం, నిలుపుకోవడం అన్న రెండు కొసల మధ్య తెలుగు విమర్శ ఏర్పరచుకొన్న సౌకర్యాన్ని ఈ మూడవ గుడ్డ చెడగొడుతుంది. తనకు పరాయిదైన చూపు ఒక గుడ్డను తొలగించమన్నప్పుడు ఆ మాట ఎవరి నోట వస్తోందన్నది ప్రధానమవుతుందని గుర్తుచేస్తుంది.

మళ్ళీ ఉప్పాడకు. జాందానీలో బుటా కోసం యంత్రం ఉండదు. పడుగు పోగుల మధ్య చిన్న చిన్న కండెలతో అదనపు పేకను చేత్తోనే దూర్చి, ఒక్కొక్క వరుసకు ఆకారం తెస్తారు. ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చొని నేయడం మామూలు. పనితనాన్ని బట్టి ఒక చీరకు వారాలు పడుతుంది, నెలలూ పట్టవచ్చు. గుడ్డను తిరగేసి చూసినా బుటా దాదాపు అలాగే ఉంటుంది. ఇందులో స్త్రీల వంతు తక్కువేమీ కాదు. కండెలు చుట్టడం, పోగు అతకడం, మగ్గం మీద రెండవ మనిషిగా కూర్చోవడం, చాలా ఇళ్ళలో పూర్తిగా నేయడం వారి పనులే. 2019–20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణన దేశంలో సుమారు 35 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులను లెక్కించగా వారిలో 70 శాతానికి మించి స్త్రీలు. ఈ సంఖ్యలో ఈశాన్య రాష్ట్రాల వాటా పెద్దది కనుక దానిని యథాతథంగా ఆంధ్రతీరానికి అన్వయించడం సరికాదు. అయినా 'నేతగాడు' అన్న పుంలింగ పదం ఎంత అసమగ్రమో అది చెబుతుంది. కూలి సాధారణంగా చీరకు ఇంత అని లెక్క. కండె చుట్టిన చేతికి విడి లెక్క ఉండదు.

ఈ వెలుగులో చూస్తే రెండు కవితలూ ధరించే స్త్రీ వైపు నుండే గుడ్డను చూశాయని తేలుతుంది. ఒకరికి అది బరువు, మరొకరికి తోడు. దానిని చేసే స్త్రీకి అది ఏమిటన్న ప్రశ్న రెండింటి పరిధిలోనూ లేదు. కవితలకు ఇది లోపం కాదు. ఏ కవితా అన్ని ప్రశ్నలనూ వేయనవసరం లేదు. లోపం విమర్శది. శరీరానికీ శ్రమకూ మధ్య గీత గీసి, చెరో కవితను చెరో వైపు కూర్చోబెట్టిన విమర్శ, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న స్త్రీని ఏ వైపు ఉంచుతుంది? ఆమె నడుము నొప్పీ కళ్ళ మంటా శరీరానివా, శ్రమవా? ఆమె నేసే పైట మరొక స్త్రీ శరీరం మీదికి పోయి శృంగారమో మర్యాదో అవుతుంది. నేసేటప్పుడు ఆమె భుజం మీద ఉన్నది ఎక్కువగా నూలు కొంగే. పైటను కొంగు కట్టిన స్త్రీ తయారుచేస్తుందన్న ఈ చిన్న వాస్తవం ముందు, పైటా కొంగూ రెండు వర్గాల రెండు వస్తువులన్న సూత్రం నిలవదు.

ఇల్లు విషయంలోనూ ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. విమల 'వంటిల్లు' ఈ దశలో వచ్చిన గొప్ప కవితల్లో ఒకటి. చిన్ననాడు వింతల గనిలా తోచిన గది స్త్రీని ఎలా అరగదీసిందో చెప్పి, విడివిడి పొయ్యిలున్న వంటిళ్ళను రాబోయే పిల్లల కోసం కూల్చమని ఆ కవిత కోరుతుంది. ఇల్లు ఒక వైపు, పనిచోటు మరొక వైపు ఉన్న జీవితం నుండి ఈ కోరిక పదునెక్కుతుంది. చేనేత ఇంట్లో మగ్గమూ పొయ్యీ ఒకే కప్పు కింద ఉంటాయి. అన్నం ఉడుకుతుండగా రెండు వరుసలు నేసి లేచే స్త్రీకి వంటిల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం. మత్స్యకారుల వీధిలో ఇది ఇంకా తీవ్రం. ఉప్పాడ తీరాన్ని సముద్రం దశాబ్దాలుగా కోసుకుపోతోంది. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు ఎన్నోమార్లు దెబ్బతింది, ఇళ్ళు అలల్లో కలిశాయి. వంటింటి గోడను సముద్రం కూల్చిన స్త్రీకి కూల్చడమనే క్రియ విముక్తిగా వినిపించాలంటే కవిత చాలా దూరం నడవాలి. ఆ దూరం నడవగల శక్తి విమల కవితకు ఉంది, ఎందుకంటే దాని అసలు కోరిక గోడల గురించి కాదు, విడివిడి పొయ్యిల గురించి. ఒంటరి పని పంచుకొన్న పని కావాలన్నది ఆ కోరిక. గోడల ధ్వంసాన్ని ప్రధానం చేసి దానిని నినాదకవితగా తేల్చిన పఠనాలు ఇక్కడ పొరపడ్డాయి.

తీరప్రాంత స్త్రీ శ్రమ స్త్రీవాద కవిత్వ చర్చలో ఇంతవరకు కేంద్రానికి రాలేదు. గంప కింద తలమీద చుట్టకుదురుగా మారేది గుడ్డే, బేరంలో చేతులు తుడుచుకొనేదీ, చిల్లర ముడివేసేదీ కొంగే. సుభద్ర కవితలోని పట్టికను తెలంగాణ పొలం నుండి ఈ ఒడ్డుకు తెచ్చి చదివితే ఒక్క పనీ కొట్టివేయనవసరం లేదు. కొన్ని చేర్చవలసి ఉంటుంది. అలా చేర్చుకొనే చోటు ఇవ్వడం ఆ కవిత నిర్మాణంలోనే ఉంది. పట్టికకు ముగింపు ఉండదు కదా. జయప్రభ కవితకు అలాంటి చోటు లేదు. అది ఒక చర్య వైపు పరుగెత్తే కవిత, ఆ చర్య దగ్గర ఆగిపోతుంది. ఇది గుణదోషాల తేడా కాదు, రెండు నిర్మాణాల తేడా.

పాఠ్యక్రమంలో ఈ రెండు కవితల వరుసను మార్చి చూడడం ఒక సులభమైన పరీక్ష. సుభద్ర కవితను ముందు చదివిన విద్యార్థికి కొంగు ఒక వస్తువుగా, బరువుతో, తడితో, వాసనతో పరిచయమవుతుంది. ఆ తరువాత జయప్రభ కవితకు వచ్చినప్పుడు, ఇన్ని పనులు చేసే గుడ్డను కాల్చవలసినంత చెడ్డదిగా మార్చినది ఏది అన్న ప్రశ్న తప్పనిసరిగా పుడుతుంది. అప్పుడు చూపు కనబడుతుంది, పయ్యెద వర్ణన కనబడుతుంది, ఓణీల ఫంక్షన్ కనబడుతుంది. ఆ తరగతి ఉప్పాడకు దగ్గరలో జరుగుతున్నట్లయితే ముందు వరుసలోనో వెనుక వరుసలోనో ఒక అమ్మాయి ఆ ఉదయం కండెలు చుట్టి వచ్చి ఉండడానికి అవకాశం ఎక్కువ.